రెండో బొట్టుబిళ్ల

"నాలుగ్గంటలకు ఫైలు మూసేస్తున్న సార్. చూసుకునేది ఏదన్న ఉంటే ఆ లోపల్నే చూస్కోండ్రి" అన్నాడు ఇన్‌స్పెక్టర్ రవీందర్, గోపన్‌పల్లిలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటు తాళం తీస్తూ.

రామాంజనేయులు గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై.

"నాలుగింటి దాకా ఎందుకప్పా ఆగడం? నువ్వు శుక్రవారం సాయంత్రమే మూసేసినావు కదా. తాళం వేసేదొకటే మిగిలుండాది."

రవీందర్ మొహం మాడ్చుకున్నాడు. పన్నెండేళ్ల కిందట ఈ రామాంజనేయులు దగ్గరే ఎస్సైగా పని నేర్చుకున్నవాడు. ఆ గురువు రిటైరై, మియాపూర్‌లో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకుని, పెళ్లి సంబంధాల వాకబులు చేసుకుంటూ, ఇవాళ వచ్చి తన కేసులో వేలు పెడుతుంటే ఎవరికైనా మండదూ! పై ఆఫీసరొకాయన ఫోన్ చేసి చెప్పాడు కనుక తాళం తీశాడు. లేకపోతే గేటు కూడా దాటనిచ్చేవాడు కాదు.

కేసు చూడబోతే చిన్నదే. హర్షిణి, ఇరవై ఆరేళ్లు, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. అమెరికా వాళ్ల వేళలకు పని. సాయంత్రం ఐదున్నరకు క్యాబ్ ఎక్కితే తెల్లవారుజామున ఐదింటికి దిగుతుంది. పోయిన శుక్రవారం పొద్దున ఐదూ ఐదుకు క్యాబ్ డ్రైవర్ సాయిలు ఆమెను గేటు దగ్గర దింపాడు. సాయంత్రం మళ్లీ వచ్చి హారన్ కొట్టాడు, ఫోన్ చేశాడు, పలకలేదు. ఫ్లాట్లో హర్షిణితో కలిసి ఉండే అశ్వినికి చేశాడు. ఆ పిల్ల ఆఫీసు నుంచి పరుగున వచ్చి గది తలుపు తోసేసరికి హర్షిణి మంచం మీద చల్లబడి ఉంది. పొద్దున ఎనిమిదికీ పదకొండుకీ మధ్య ప్రాణం పోయిందన్నారు డాక్టర్లు. పక్కన స్టీలు గ్లాసు అడుగున పాలు, ఆ పాలల్లో నిద్రమాత్రల పొడి, దిండు కింద మాత్రల ఖాళీ అట్ట. ఫోన్లో ఆరూ యాభై రెండుకు తల్లికి పంపిన మెసేజ్: ‘అమ్మా, నువ్వన్నట్టే ఆ అద్దం ముందల్నే సస్తున్న. మాఫ్ చెయ్.’

ఆ మెసేజే సత్తెమ్మను నిలువునా కూల్చేసింది.

సత్తెమ్మ బాచుపల్లిలో ఒక స్కూలు హాస్టల్లో ఆయా. ఆ ఆవరణలోనే వంటిల్లున్న చిన్న ఇంట్లో ఉంటుంది. గురువారం సాయంత్రం కూతురు ఫోన్ చేసి, పెళ్లి కొన్నాళ్లు ఆపుదామంది. ముహూర్తం ఇంకా నెల కూడా లేదు! మూడునెలల కింద ఆ సీసాలతోనే పిల్ల మొహం ఎర్రగా కంది పొట్టు రేగింది. అయినా ఆ సీసాల ముందు నుంచి లేవదు. సత్తెమ్మకు ఒళ్లు మండి, "ఎప్పుడు జూసినా ఆ అద్దమేనా నీకు? ఆ అద్దం ముందల్నే సావుపో!" అని ఫోన్ పెట్టేసింది. కన్నతల్లి నోట రోజుకు పదిసార్లు వచ్చే మాటే అది. పొద్దున తిట్టిన నోటితోనే రాత్రి తిన్నవా బిడ్డా అని అడుగుతుంది. ఈసారి అడిగే వీలు లేకుండా పోయింది. చదువు రాని మనిషి కనుక ఆ మెసేజ్ ఏమిటో కూడా హాస్టలు టీచరమ్మ చదివి వినిపిస్తే తెలుసుకుంది.

ఆదివారం పొద్దున రామాంజనేయులు ఆఫీసు తెరిచేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. "ఎవర్నీ పట్టియ్యమంటలే సారూ. నా బిడ్డ నా మాటకే సచ్చిందా, కాదా? అదొక్కటి చెప్పు. కాదంటే బతుకుత. అవునంటే ఇగ నా సంగతి నేను చూస్కుంట" అంది. కళ్లల్లో చుక్క నీళ్లు లేవు. ఎండిపోయాయి.

ఆమె ఆయన దగ్గరికే రావడానికి కారణం ఉంది. ఆరునెలల కింద పెళ్లికొడుకు దినేష్ గురించి వాకబు చేసిపెట్టింది ఆయనే. ‘పిల్లవాడు యోగ్యుడు, తల్లి పద్మావతి పెద్దమనిషి, కళ్లు మూసుకుని చేసుకోవచ్చు’ అని రాసి సంతకం పెట్టింది ఆయన చెయ్యే. ఆ కాగితాన్ని సత్తెమ్మ ఇప్పటికీ దేవుడి పటం వెనక దాచుకుంది.

"ఇదిగో సార్, మీ పిల్ల కోట" అన్నాడు రవీందర్, హర్షిణి గది చూపిస్తూ.

గదిలో ఒక మంచం, ఒక అల్మారా, కిటికీ పక్కన నిలువుటద్దం. అద్దం కింద బల్ల మీద సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మూత మీద తెల్లకాగితం అంటించి అంకె వేసింది. ఒకటి ఫేస్‌వాష్. రెండు మాయిశ్చరైజర్. మూడు విటమిన్ సి సీరం. ఆ తర్వాత ఐదు, గ్లైకాలిక్ యాసిడ్. ఆరు, రెటినాల్. ఏడు, సన్‌స్క్రీన్. మూడుకూ ఐదుకూ మధ్య నాలుగు వేళ్ల వెడల్పున ఖాళీ. ఆ ఖాళీలో నాలుగు రోజుల దుమ్ము పల్చగా పరుచుకుని ఉంది. దాని కింద గుండ్రటి మరక.

"నాలుగోది యాడ?"

"అయిపోయుంటది, పడేసుంటది. సార్, మీరు సీసాలు లెక్కవెడుతున్నరు. నేను మనిషిని చూస్తున్న." రవీందర్ బల్ల సొరుగులోంచి ఒక నోటు పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "గిది సదవండ్రి. దీన్ని మించిన సాక్ష్యం నాకొద్దు. మొహం పిచ్చి. పొద్దుటికొకటి, రాత్రికొకటి, పులుపుదొకటి, ఘాటుదొకటి, అన్నీ కలిపి పూసుకున్నది, మొహం కాలవెట్టుకున్నది. నెల రోజులల్ల పెండ్లి. తల్లి సావుమన్నది. సచ్చింది. ఇంకొక్కటి చెప్తా ఇనండ్రి. ఒంటి మీద ఏమున్నదో తెలుసా? నైట్ క్రీము! పొద్దుగాల సచ్చిపోయిన పిల్ల మొహానికి రాత్రి పూసుకునే క్రీము. మతి గతి తప్పినట్టా కాదా?"

"నైట్ షిఫ్ట్ సర్ తనది" అంది వెనక నుంచి ఒక సన్నని గొంతు.

అశ్విని. లంచ్ బ్రేకులో ఆఫీసు నుంచి వచ్చింది, మెడలో కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. కర్నూలు పిల్ల. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"తనకి పొద్దున ఐదింటికే రాత్రి మొదలవుతుంది సర్. అప్పుడే మొహం కడుక్కుని, నైట్ క్రీములు రాసుకుని ఏడుకల్లా పడుకుంటుంది. మధ్యాహ్నం మూడింటికి లేచి సన్‌స్క్రీన్ రాసుకుంటుంది. ఈ కారిడార్‌లో సగంమంది ఆడపిల్లలది ఇదే రొటీన్."

రవీందర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

రామాంజనేయులు పుస్తకం తిరగేస్తూ మంచం అంచున కూర్చున్నాడు. పోలీసు బుద్ధి కదా, ముందు చివరి పేజీ చూశాడు. అర్థం కాలేదు. మొదటికి వచ్చాడు.

‘1వ రోజు. ఏడూ కలిపి వాడుతున్నా. మొహం మంట, ఎర్రదనం. డాక్టర్ అన్నీ కలిపేస్తున్నావు అందుకే అన్నారు. అన్నీ బంద్. పాలు, పెరుగు కూడా బంద్.’

‘21వ రోజు. మంట తగ్గింది. ఇక ఒక్కోటీ కలుపుతా. 1, 2. పాస్.’

‘30వ రోజు. 3 కలిపా. పాస్.’

‘40వ రోజు. 4 కలిపా. వారం రోజులు మెరుపు. తర్వాత మంట. ఫెయిల్.’

‘70వ రోజు. 4 తీసేసి 5, 6 వేరువేరు పూటల్లో. పాస్.’

‘85వ రోజు. 4 ఒక్కటే, మోచేతి లోపల. ఫెయిల్. కలపడం తప్పు కాదు. 4 తప్పు.’

ఆయన రెండోసారి చదివాడు. మూడోసారి చదివేటప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

"ఇది పిచ్చి అంటివా రవీందర్?" పుస్తకాన్ని అతని ముందుకు చాపాడు. "ఇది విచారణ రా అప్పా! అందరినీ ఒకేసారి బొక్కలో వేసి కొట్టకుండా, ఒక్కొక్కరిని పిలిచి, కూర్చోబెట్టి, అడిగి, వదిలేసి, ఆఖరికి దొంగను పట్టింది. మూడునెలలు ఓపిక పట్టింది ఆ బిడ్డ. నీకు నేర్పుదామని నేను పడిన తిప్పలన్నీ ఈ పిల్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చినాయి."

"దాని పనే అది సర్" అంది అశ్విని. "సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు అన్నీ తీసేసి ఒక్కోటీ పెట్టి చూస్తాం. తను మొహం మీద కూడా అదే చేసింది."

"నాలుగోది ఎవరిచ్చినారు మా?"

అశ్విని తల వంచుకుంది. "దినేష్. తనే తయారు చేయించి ఆన్‌లైన్లో అమ్ముతాడు కదా సర్, ఆ సీరమే. నిశ్చితార్థం రోజున ఇచ్చాడు. దాంట్లో ఏదో కలిపారని హర్షిణి అనుమానం. వాడినవాళ్లు ఇంకా ముగ్గురు మా ఆఫీసులోనే మొహాలు పాడుచేసుకున్నారు. శనివారం ల్యాబ్‌లో ఇస్తానంది. ఈ మాట ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను, క్రీముల గొడవ నాకొద్దన్నారు."

ఆ మాట రవీందర్ కంటే రామాంజనేయులుకే ఎక్కువ తగిలింది. పిల్లవాడు తాగుతాడా, తిరుగుతాడా, అప్పులున్నాయా, వేరే అమ్మాయి ఉందా అని వీధి వీధీ తిరిగి అడిగాడు. పద్మావతిది తమ అనంతపురమే అని తెలిసి, మనూరి మనిషే కదా అని ఆమె పెట్టిన బొరుగుల ఉగ్గాని కూడా తిని వచ్చాడు. పిల్లవాడు ఏం అమ్ముతున్నాడో, ఆ సీసాలో ఏముందో ఒక్కసారి మూత తీసి చూడలేదు. ముప్ఫై ఏళ్ల సర్వీసు మట్టిగొట్టుకుపోయింది!

"దినేష్ ఆ రోజు బెంగళూరుల ఉన్నడు సార్" అన్నాడు రవీందర్ వెంటనే. "హోటల్ రిజిస్టర్ చూసిన, టోల్‌గేట్ చూసిన. మీరనుకున్నంత ఎడ్డోన్ని కాదు నేను. సీసా పోయిందంటే హత్య అయిపోదు. అశ్వినీ, ఆ పొద్దు ఎవరన్న వచ్చిండ్రా?"

"నేను లేను సర్."

"చెప్పు మా" అన్నాడు రామాంజనేయులు. "ఐదింటి నుంచి చెప్పు. నిమిషం నిమిషం."

"ఐదూ పదికి వచ్చింది. నేను జిమ్‌కి తయారవుతున్నా. ఇక్కడే నిలబడి బొట్టు తీసి అద్దానికి అంటించి, మొహం కడుక్కుంది. ఇవాళ ఆరో నంబరు రోజు అంది. అంటే రెటినాల్, రాత్రి రాసుకునే క్రీము, దాని మీద మందంగా మాయిశ్చరైజర్. ఐదున్నరకు నేను వెళ్లిపోయా. ఏడుంబావుకు వచ్చా. తన గది తలుపు దగ్గరగా వేసి ఉంది. పడుకుంది కదా అని లేపలేదు." ఆమె అరచేత్తో కళ్లు తుడుచుకుంది. "ఎనిమిదిన్నరకు ఆఫీసుకు పోయా సర్. అప్పటికి బతికే ఉందేమో. ఒక్కసారి తలుపు తీసి చూసుంటే..."

"చూసుంటే నిద్ర పోతాండాది అనుకునేదానివి. ఊరుకో మా." ఆయన లేచి అద్దం దగ్గరికి నడిచాడు.

అద్దానికి ఎడమవైపు పైన ఒక మెరూన్ రంగు బొట్టుబిళ్ల ఉంది. ఒక్కటే.

ఆడవాళ్లున్న ఇళ్లల్లో అద్దాలు ఇలాగే ఉంటాయి. మొహం కడుక్కునే ముందు తీసి అంటిస్తారు, కడుక్కున్నాక మళ్లీ పెట్టుకుంటారు. మియాపూర్‌లో ఆయన ఇంటి అద్దం మీద నాలుగున్నాయి. భార్య పోయి మూడేళ్లయింది. పనిమనిషి తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. రోజూ ఆ నాలుగింటి పక్కన మిగిలిన జాగాలో మొహం చూసుకుని గడ్డం గీసుకుంటాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"ఈ బిళ్లేనా మా ఆ పొద్దు తీసింది?"

"అదే సర్. తనకి ఒకటే అలవాటు. ఒక బిళ్ల జిగురు పోయేదాకా వాడుతుంది, కొత్తది తీశాక పాతది పడేస్తుంది. అద్దం మీద ఎప్పుడూ ఒకటే ఉంటుంది."

"రవీందర్, ఫోటోలు."

రవీందర్ విసుగ్గా ఫోన్ తీసి అందించాడు. నాలుగో ఫోటోలో హర్షిణి మొహం దగ్గరగా ఉంది. చూడటానికి గుండె చిక్కబట్టుకోవాలి. మూడునెలలు కష్టపడి బాగుచేసుకున్న మొహం అది, ఒక్క మచ్చ కూడా లేకుండా ప్రశాంతంగా ఉంది. ఎడమ కనుబొమ మీద, పక్కకు జారిపోయి, ఒక మెరూన్ రంగు బొట్టుబిళ్ల.

ఆయన ఫోన్‌ను అద్దం పక్కన పెట్టాడు. అద్దం మీద ఒకటి, ఫోటోలో ఒకటి.

"చూస్తివా?"

"బొట్టు వెట్టుకున్నది. అయితే ఏంది?"

"పడుకోబోయే పిల్ల బొట్టు తీసేసింది. మొహం కడిగి రెటినాల్ రాసింది, దాని మీద మందంగా మాయిశ్చరైజర్ రాసింది. అంతా అయినాక, ఆ జిడ్డు మీద పాత బిళ్ల అంటుకోక, కొత్త పొట్లంలోంచి ఇంకో బిళ్ల తీసి పెట్టుకుంది. జిడ్డు మీద బిళ్ల నిలుస్తాదా? నిలవదని ఆ పిల్లకు తెలియదా? తెలుసు. అయినా పెట్టుకుంది. అంటే తొందర. అంటే కాలింగ్ బెల్లు మోగింది."

"సచ్చేముందు ముత్తైదువలెక్క బొట్టు పెట్టుకుందమనుకున్నదేమో" అన్నాడు రవీందర్. అని, తన మాట తనకే నచ్చక మొహం తిప్పుకున్నాడు. "సార్, బొట్టుబిళ్ల మీద కోర్టుల కేసు నిలవడదు. జిడ్డు మీదనైతే అసలే నిలవడదు."

"సరే, బొట్టు వదిలెయ్. పాలు యాడివి?"

"ఏంది?"

"నీ సాక్ష్యంలోనే రాసుండాది కదప్పా, మొదటి పేజీలో. పాలు బంద్ అని. అశ్వినీ, మీ ఇంట్లోకి పాలు వస్తాయా?"

"రావు సర్." అశ్విని కళ్లు పెద్దవయ్యాయి. "మూడునెలలుగా రావట్లేదు. పాలు తాగితే తనకి మొటిమలు. నేను బ్లాక్ కాఫీ. ఫ్రిజ్‌లో ఒక్క ప్యాకెట్ కూడా... అయ్యో, నాకెందుకు తట్టలేదు సర్ ఇది!"

"వినపడిందా ఇన్‌స్పెక్టర్ సాబ్? పాలు ఇంట్లోవి కావు. ఎవరో తెచ్చినారు. మూడునెలలు పాలు ముట్టని పిల్ల, కాదనలేక తాగింది. బొట్టు లేని మొహంతో ఎదురుపడలేక బొట్టు పెట్టుకుంది. తాగి మత్తుగా ఒరిగిపోయినాక ఆమె వేలే ఫోన్ మీద పెట్టి తెరిచి, మెసేజ్ పంపి, నాలుగో సీసా దాచుకుని పోయినారు. పొద్దున ఆరింటికి మీ వాచ్‌మన్ యాడుంటాడు మా?"

"వెనక మోటరు దగ్గర కార్లు కడుగుతుంటాడు. గేటు తెరిచే ఉంటుంది."

"కెమెరా?"

"రెండునెలల నుంచి పనిచేయట్లేదు సర్."

 రవీందర్ నెమ్మదిగా ఫోన్ వెనక్కి తీసుకుని ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు. పాత రవీందర్ ఇంకా లోపల ఎక్కడో ఉన్నాడన్నమాట.

"ఎవరొస్తే బొట్టు పెట్టుకుంటది ఆ పిల్ల?" అని అడిగాడు అశ్వినిని. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"ఎవరొచ్చినా పెట్టుకోదు సర్. ఒకసారి మొహానికి ముల్తానీ మట్టి పూసుకునే వెళ్లి తలుపు తీస్తే డెలివరీ అబ్బాయి జడుసుకున్నాడు." అశ్వినికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇద్దరి ముందు మాత్రం పెట్టుకుంటుంది. వాళ్లమ్మ, దినేష్ వాళ్లమ్మ. ఒకసారి వీడియో కాల్‌లో ఆంటీ, ఏం మా నుదురు బోసిగా పెట్టుకుంటివి అన్నారు. అప్పటి నుంచి ఆవిడ ఫోన్ మోగితే చాలు, మా హర్షిణి మేడమ్ బొట్టు కోసం ఇల్లంతా వెతుకుతుంది."

రవీందర్ జేబులోంచి తన చిన్న పుస్తకం తీసి పేజీలు తిప్పాడు.

"తల్లి ఆ యాళకు హాస్టల్ల ఉన్నది" అన్నాడు. "ఐదు నుంచి ఎనిమిది దాకా పిల్లలకు జడలేస్తది. నలభై మంది సాక్షులు."

"అయితే ఇంకొకటే పేరు మిగిలుండాది." రామాంజనేయులు మళ్లీ మంచం మీద కూలబడ్డాడు. పద్మావతి వడ్డించిన ఉగ్గాని రుచి నోట్లో తిరిగినట్టయింది. "నేను పెద్దమనిషి అని రాసిచ్చిన మనిషి."

"కానీ సార్, ఒకటి కుదురుతలేదు" అన్నాడు రవీందర్. "మెసేజ్. అద్దం ముందల్నే సావు అన్నది తల్లి. ఆ మాట తల్లికీ బిడ్డకీ తప్ప ఎవరికెరుక? నేను ఆత్మహత్య అన్నది ఆ ఒక్క ముక్క మీదనే. పద్మావతికి ఆ మాట ఎట్ల తెలిసింది?"

మంచి ప్రశ్న. శిష్యుడు వేయవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పగలిగింది ఒక్కరే. రామాంజనేయులు గడియారం చూసుకున్నాడు. ఒకటీ నలభై ఐదు. సత్తెమ్మ నంబరు నొక్కి, రవీందర్‌కు వినపడేలా స్పీకర్ పెట్టాడు.

రెండు రింగులకే ఎత్తింది. "చెప్పు సారూ."

"సత్తెమ్మా, నువ్వు నన్ను ఒకటి అడిగినావు. జవాబు చెప్తాండా, విను. నీ బిడ్డ తనకు తాను చావలేదు. నీ మాటకు చావలేదు. ఆ మెసేజ్ నీ బిడ్డ రాసింది కాదు."

 అవతల ఒక ఎక్కిలి. ఆ తర్వాత నాలుగు రోజులుగా రాని ఏడుపంతా ఒక్కసారే కట్ట తెగి వచ్చింది. "నా తల్లీ... నా బంగారీ... నా మీద అలిగి పోలేదా నువ్వు... నా మీద కోపం లేదా బిడ్డా నీకు..." రవీందర్ తల వంచుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. అశ్విని గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రామాంజనేయులు సత్తెమ్మను ఏడవనిచ్చాడు. ఆ రెండు నిమిషాలూ ఆయనకు కూడా గుండె తేలికపడింది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని అనుకున్నాడు.

"సత్తెమ్మా, ఒకటే అడుగుతా. బిడ్డను తిట్టిన ఆ మాట, నువ్వు ఎవరికన్నా చెప్పినావా?"

"ఎవ్వరికి చెప్పలే సారూ. సిగ్గు గాదా, ఎవరికి చెప్పుకుంట? వదినెకొక్కదానికే చెప్పిన. అదే, వియ్యపురాలికి. గురువారం రాత్రి ఫోన్ చేసి ఏడ్చిన. పెండ్లి ఆపుదమంటున్నది వదినె, ఏందో సీసా టెస్టుకిస్తదట, నేను గిట్ల తిట్టిన, నువ్వన్న జర పోయి నచ్చజెప్పు, నీ మాటంటే గౌరవం అని కాళ్లావేళ్లా పడ్డ. సంబంధం చెడుతదేమోనని నా భయం. పొద్దుగాల ఆరింటికి పోతే దొరుకుతది వదినె, ఏడు దాటితే పంటది అని నేనే చెప్పిన. పాపం పోయిందో లేదో, ఆ పొద్దే గిట్లయిపాయె."

 రవీందర్ అప్పటికే గది మూలకు వెళ్లి తన స్టేషన్‌కు ఫోన్ కలుపుతున్నాడు.

"వదినె దేవత సారూ" అంటోంది సత్తెమ్మ, ముక్కు చీదుకుంటూ. "నాలుగు దినాల సంది నాకు నిద్ర లేదని ఎవరో చెప్తే ఇయ్యాల పనులన్నీ ఇడిసి వచ్చింది. టీవోల్లు, పోలీసోల్లు ఎవరొచ్చినా సీసా సంగతి చెప్పకు వదినె, పిల్ల పేరు పాడైతది అన్నది. అందుకే నీకు గూడ చెప్పలే సారూ, ఏమనుకోకు. ఫ్లాస్కుల పాలు తెచ్చింది. సల్లగున్నయని వంటింట్ల వేడి చేస్తున్నది. తాగి జరసేపు పండుమంటున్నది..."

"తాగొద్దు!" ఆయన అరిచిన అరుపుకు అశ్విని ఉలిక్కిపడింది. "సత్తెమ్మా, ఆ పాలు ముట్టొద్దు. ఒక్క చుక్క కూడా ముట్టొద్దు. మెల్లగా లేచి బయటికి రా. హాస్టల్ టీచర్ల దగ్గరికి పో."

అవతల వంటింట్లో గిన్నె చప్పుడు దూరంగా వినిపించింది.

సత్తెమ్మ మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఏడుపు లేదు.

"సారూ. నా బిడ్డ గూడ గిట్లనే తాగిందా?"

  కాదని అబద్ధమాడదామని ఆయన ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు, ఈలోపే ఆమె అందుకుంది.

"యాళ నేనే చెప్పిన. పొమ్మని నేనే పంపిన." ఆమె చిన్నగా, తనలో తను అనుకున్నట్టు అంది. "అయితే నా మాటకే సచ్చింది సారూ, నా బిడ్డ."

"కాదు మా, కాదు, నా మాట విను. అది నీ తప్పు కాదు. తప్పు నాది, ఆ సంబంధం మంచిదని రాసిచ్చింది నేను. నువ్వు బయటికి రా ముందు. పోలీసులు వస్తాండారు. పది నిమిషాలు..."

ఫోన్‌లో ఇనుప గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తాళం తిరిగిన చప్పుడు.

"రవీందర్!" అన్నాడు రామాంజనేయులు.

"బాచుపల్లి పెట్రోలింగ్ బండి బయలుదేరింది సార్, పదిహేను నిమిషాలంటున్నరు. నడువుండ్రి, నడువుండ్రి, బండి తీస్తున్న!" రవీందర్ అప్పటికే గుమ్మం దాటాడు. నాలుగ్గంటల ఫైలు బల్ల మీదే ఉండిపోయింది.

రామాంజనేయులు ఫోన్ చెవికి ఆనించుకుని మెట్లు దిగుతున్నాడు.  అవతల నుంచి ఇంకో గొంతు వినిపించింది. తీయగా, పెద్దరికంగా, అచ్చం తమ ఊరి యాసలో.

"ఎవరొదినా ఫోన్లో? తలుపు యాల వేసినావు? రా, పాలు చల్లారిపోతాండాయి."

"సత్తెమ్మా, వద్దు మా! తలుపు తియ్!"

ఆమె ఫోన్ పెట్టేయలేదు. ఎక్కడో గూట్లో పెట్టినట్టుంది, మాట దూరమైంది.

"ఎవ్వరు లేరు వదినె. గాలికి కొట్టుకుంటున్నదని ఏసిన. కూసో నువ్వు, నిలవడ్డవేంది? ఇంకో గిలాస తెస్త. నాకొక్కదానికే ఎందుకు, నువ్వు గూడ అలిసిపోయినవు. ఇద్దరం తాగుదం. ముందుగాల నువ్వు తాగు."